మీ గుమ్మంలో నా పిల్ల ఆత్మ

తలుపు వెయ్యకు పెద్దమ్మా! బయటి అద్దాల తలుపు వేసుకుంటే వేసుకో, చలి లోపలికొస్తుంది, నిజమే. ఆ లోపలి చెక్క తలుపు మాత్రం వెయ్యకు. అద్దంలోంచి నీ మొహమైనా కనిపిస్తుంది నాకు.

ఎన్నిసార్లు ఫోన్ చేశానో! నీ పెద్దకోడలు ఒకసారి తీసి, నా గొంతు వినగానే రాంగ్ నంబర్ అని పెట్టేసింది. దాని పెళ్లికి కుండలకి కుండలు అన్నం వండిన చేతులివి. నా గొంతు దానికి రాంగ్ నంబరైపోయిందా? పోనీలే. దాని మీద చాడీలు చెప్పడానికి రాలేదు నేను.

నేను పరాయిదాన్నా, చెప్పు? షోంగ్ వాళ్లింటికి కోడలిగా వెళ్లినా పుట్టింది మీ మువా వంశంలోనే కదా. థాయిలాండ్ శరణార్థుల క్యాంపులో బియ్యం ఇచ్చే లైన్లో పెదనాన్న నన్ను భుజం మీద ఎక్కించుకునేవాడు. "యేర్ పిల్లా, ఏడుపు మొహం పెట్టవే, ఇంకో డబ్బా పోస్తారు" అనేవాడు. నేనేమో నవ్వేసేదాన్ని. "దీన్ని తెచ్చుకుంటే ఉన్నది కూడా ఊడేట్టుంది" అని తిట్టేవాడు.

ఇప్పుడు పెట్టమను పెద్దమ్మా ఏడుపు మొహం. కష్టపడి పెట్టక్కర్లేదు.

అదిగో, రోడ్డు పక్కన మా కారు. అందులో చూ నెంగ్ మావయ్య కూర్చున్నాడు. ఒళ్లో అట్టపెట్టె, పెట్టెలో కోడి. దానికీ చలేస్తోందేమో, కిక్కురుమనట్లేదు. నువ్వు ఊ అంటే ఆయన దిగొచ్చి ఈ గుమ్మంలో నిలబడి, జడుసుకుని ఒంట్లోంచి జారిపోయిన నా కూతురు నూచీ ఆత్మని పిలుస్తాడు. అంతే. లోపలికి అడుగు పెట్టం. నీ సామాను ముట్టుకోం. పిలుచుకుని వెళ్లిపోతాం.

మా ఇంటి గుమ్మంలో పిలవలేదనుకున్నావా? పిలిచాం. గుడ్డు పెట్టాం, అన్నం పెట్టాం, అగరొత్తులు వెలిగించాం. మావయ్య గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. ఆత్మ వచ్చిందో లేదో చూడటానికి గేదెకొమ్ము ముక్కలు ఎన్నిసార్లు విసిరినా తప్పుగానే పడ్డాయి. "ఇక్కడికి రాదమ్మా, అది జడుసుకున్నచోటే కూర్చుంది, అక్కడికే వెళ్లి పిలవాలి" అన్నాడు. ఎక్కడ జడుసుకుందో నీకు తెలుసా అని నన్నడిగాడు.

తెలుసు. ఇక్కడే. మీ ముందుగదిలో, ఆ ఆకుపచ్చ సోఫా దగ్గర.

అలా చూడకు పెద్దమ్మా. మొగుణ్ణి పోగొట్టుకున్నదాని గుమ్మంలోకి బతికున్న పిల్ల కోసం రావడం ఎంత తప్పో నాకు తెలీదా? దార్లో రెండుసార్లు కారు వెనక్కి తిప్పించాను. మావయ్యే కోప్పడ్డాడు, "కోడికి కళ్లు తిరుగుతున్నాయి, ఏదో ఒకటి తేల్చుకో" అని.

నూచీ మాట్లాడట్లేదు. మాట్లాడట్లేదంటే అలక కాదు. పెదనాన్నని పూడ్చిన మర్నాటి నుంచి దాని నోట్లోంచి మాట లేదు. కిందిగదిలో గోడవైపు తిరిగి పడుకుంటుంది. అన్నం పెడితే రెండు మెతుకులు వేలితో నొక్కి చూస్తుంది. తినదు. పిలిస్తే నావైపు తిరుగుతుంది, కళ్లు నామీదే ఉంటాయి, అందులో అది ఉండదు. వాళ్ల నాన్న కసాయి ఫ్యాక్టరీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుంటున్నాడు. "దాన్ని ఆ చదువే తినేసింది, చాలు, మాన్పించు" అంటాడు. మాన్పించడానికైనా అది ఉండాలి కదా! లేనిదాన్ని ఎలా మాన్పిస్తాం?

ఏంటీ? దాని నోరే, అదడిగిన ఆ ప్రశ్నే ఆయన్ని కోసేసిందంటావా?

అను. నీకు ఆ హక్కుంది. తౌ అన్నయ్య అందరి ముందూ అననే అన్నాడు కదా. చావింట్లో అది, పెదనాన్నకి దారిఖర్చు కింద కాల్చే కాగితపు పడవలు మడవటానికి కూర్చుంది. దాని పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. అదొక్కతే తలొంచుకుని మడుస్తూనే ఉంది. అన్నయ్య వచ్చి దాని ముందున్న పడవలన్నీ చేత్తో తోసేసి, "పెద్ద చదువట! మా నాన్న ప్రాణం మీద పరీక్ష రాసుకుంది" అన్నాడు. నువ్వు చూశావు. నువ్వేమీ అనలేదు.

నేనూ ఏమీ అనలేదులే. నాకు పదిమందిలో గొంతు పెగలదు. క్యాంపు బళ్లో నాలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇలా ఒకరి వాకిట్లో నిలబడి ఇంతసేపు మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే.

ఆ చదువేంటో నీకు చెప్పనీ. నాకర్థమైనంత చెబుతాను.

నర్సు చదువు నాలుగేళ్లూ అయ్యాక అందరూ ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్తారు. పదేళ్లో ఇరవై ఏళ్లో చేశాక, ఓపికున్నవాళ్లు పీహెచ్‌డీకి వస్తారు. నూచీని అలా కాదు, నేరుగా తీసుకున్నారు. ఈ కోర్సులోంచి అటు నుంచి అటే ఆ కోర్సులోకి. హాల్వర్సన్ మేడమ్ అని దాని ప్రొఫెసరు, ఆవిడే పిలిచింది. "నువ్వు చిన్నదానివి, నీ ముందు బోలెడు ఏళ్లున్నాయి, ఇప్పుడే పరిశోధన మొదలుపెడితే మీవాళ్లకి ఎంతో చెయ్యొచ్చు" అందట. ఆరోజు మేం ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశాం. పెదనాన్న వచ్చి దాని మణికట్టుకి తెల్లదారం కట్టి దీవించాడు, గుర్తుందా? "ఈ పిల్ల మెట్లెక్కదు, గోడ దూకేస్తుంది" అన్నాడు.

గోడ దూకితే అవతల ఏముంటుందో మాకేం తెలుసు?

మొదటిరోజు క్లాసులో అందర్నీ ఎవరు ఏ వార్డులో ఎన్నేళ్లు చేశారో చెప్పమన్నారట. అందరూ నా ఈడువాళ్లే. డెబ్రా అని ఒకావిడ, ఐసీయూలోనే జుట్టు నెరిసిపోయింది. నా పిల్ల వంతొచ్చింది. "నేను మొన్ననే పాసయ్యాను" అంది. "అయ్యో పసిపిల్ల!" అన్నారట ఎవరో, ముద్దుగానే. ఇంక అదే పేరు పడిపోయింది.

చెయ్యి పని మర్చిపోకూడదని శనాదివారాలు ఆసుపత్రిలో డ్యూటీ వేయించుకుంది. అక్కడేమో సీనియర్ నర్సులు, "ప్రొఫెసరమ్మ వచ్చారు, తప్పుకోండి! సూది ఏ చేత్తో పట్టుకోవాలో పుస్తకంలో చూసొచ్చారు" అని నవ్వేవాళ్లట. ఒకసారి ఒక ముసలాయనకి నరం దొరక్క రెండుసార్లు గుచ్చిందట. మూడోసారి ఆవిడెవరో దీన్ని పక్కకి జరిపి టక్కున పెట్టేసి, "ఇది కూడా రాసుకో, నీ పీహెచ్‌డీకి పనికొస్తుంది" అందట.

ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది నాకు. "క్లాసులో పసిపిల్లని, వార్డులో ప్రొఫెసరమ్మని. నన్ను నా పేరుతో పిలిచేది నువ్వొక్కదానివేనే అమ్మా" అనేది. నేను కూడా నవ్వాను. అదేదో తమాషా అనుకున్నాను పెద్దమ్మా.

వింటున్నావా? కుర్చీ తెచ్చుకో, కాళ్లు నొప్పెడతాయి. నాకేం ఫర్వాలేదు, నేను నిలబడతాను.

మరి లోకంలో ఇన్ని విషయాలుండగా ముసలివాళ్లని ఆ చావు ప్రశ్నలే అడగడం ఎందుకంటావా? అది దాని చిన్నప్పటి దెబ్బ. మా అత్తగారు పోయేటప్పుడు నూచీకి పదేళ్లు. ఆసుపత్రిలో మా ఎవరికీ ఇంగ్లీషు రాదు. డాక్టరు చెప్పేది అదే మాకు చెప్పాలి. "ఇంక లాభం లేదు, గొట్టాలు తీసెయ్యమంటారా, ఉంచమంటారా" అన్నాడట ఆయన. అది మా మొహాలు చూసి, "నాయనమ్మని పడుకోనివ్వాలట" అంది. అంతే చెప్పింది. ఆ మాట పదేళ్ల పైనే కడుపులో దాచుకుని, పెద్ద చదువుకి వెళ్లగానే అదే పట్టుకుంది. మనవాళ్లలో ముసలివాళ్లకి ఆఖర్లో ఎలాంటి వైద్యం కావాలో వాళ్లనే అడగాలి, ఆసుపత్రిలో ఎప్పుడూ కొడుకుల్నే అడుగుతారు, వాళ్లని అడిగేవాళ్లే లేరు అంది.

మంచి మాటే కదా? నాకు మంచిమాటే అనిపించింది.

నాకూ తెలుసు పెద్దమ్మా, ఎదురుగా కూర్చున్న మనిషితో "నువ్వు చచ్చిపోయేటప్పుడు" అని మనలో ఎవరూ అనరు. అంటే ఆ మాటే వచ్చి ఆ మనిషిని పట్టుకుంటుంది. నూచీకి తెలీదా? ఈ దేశంలో పుట్టినా నా కడుపున పుట్టిందే. అందుకే, "మీకు నూట ఇరవై ఏళ్లు నిండాక" అని రాసుకుంది, మన పెద్దవాళ్లు అన్నట్టు. నన్నడిగి మరీ రాసుకుంది. నేను ఆవకూర ఏరుతూ ఒక్కో మాటా సరిచేశాను.

ఆ ప్రశ్నలకి అనుమతివ్వాల్సిన కాలేజీ కమిటీ ఒప్పుకోలేదు. నూట ఇరవై ఏళ్లేంటి, అన్నేళ్లు ఎవరు బతుకుతారు, అన్నారట. తెల్లవాళ్లని, నల్లవాళ్లని, మనల్ని, అందర్నీ ఒకే మాటతో అడగాలి, ఒక్క మాట మారినా ఆ జవాబు పనికిరాదు, అన్నారట. "మీరు చనిపోయే దశకి వచ్చినప్పుడు." అదీ మాట. మన భాషలోకి కూడా వాళ్లే ఎవరితోనో మార్పించి ఇచ్చారు.

డెబ్రా అయితే ఎదురుతిరిగేది. తిరిగింది కూడానట ఒకసారి, తన ప్రశ్నల గురించి. "నా వార్డులో ఇలా అడిగితే మొహమ్మీద తలుపేస్తారు" అంది, వాళ్లు మార్చుకున్నారు. నా పిల్ల ఏ వార్డు పేరు చెబుతుంది? "మా అమ్మ అంది" అని చెబుతుందా? నోరుమూసుకుని సరే అంది.

ఆ కాగితం పట్టుకుని మీ ఇంటికే ముందొచ్చింది. పెదనాన్నంటే దానికి చనువు. నువ్వు ఆరోజు తోటకి వెళ్లావు, చివరి గుమ్మడికాయలు తెచ్చుకోవడానికి. గదిలో ఇంకెవరూ ఉండకూడదట, అది వాళ్ల రూలు. పెళ్లికాని పిల్ల మగమనిషితో ఒంటరిగా కూర్చోకూడదు, అది మన రూలు. రెండూ కలిపి నన్ను మీ వంటింట్లో కూర్చోబెట్టారు, తలుపు ఓరగా వేసి. పెదనాన్నే ఆ ఏర్పాటు చేశాడు. "నువ్వు లేనట్టే ఉండవే యేర్, నీకది బాగా వచ్చుగా" అన్నాడు.

లేనట్టే ఉన్నాను. ఆ సందులోంచి చూశాను.

తిండి గురించి అడిగింది, నిద్ర గురించి అడిగింది. ఆ ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోయింది. కాగితం చూసింది, ఆయన్ని చూసింది. గొంతు సవరించుకుంది. తర్వాత కళ్లు దించుకుని, రాసింది రాసినట్టు, ఒక్క ఊపిరిలో చదివేసింది. చదివాక దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు అలా తెరుచుకునే ఉండిపోయాయి. అప్పుడే పెద్దమ్మా! నేను తల్లిని, నాకు తెలుస్తుంది. అప్పుడే ఏదో జారి కిందపడింది దాన్లోంచి. లేచినప్పుడు అది తీసుకోకుండానే లేచింది.

ఆ తర్వాతి వారమే పెదనాన్న పెరట్లో ఆకులు ఊడుస్తూ కూలిపోయాడు.

ఏమన్నావు? మళ్లీ అను.

ఆయనేం చెప్పాడో చెబితే... పిలవనిస్తావా?

అది మాత్రం అడక్కు పెద్దమ్మా. ఇంకేదైనా అడుగు. వంటచెయ్యమను, నీ తోటంతా తవ్వమను, నీ కోడళ్ల ముందు మోకాళ్ల మీద పడమను. అది అడక్కు. అది నూచీ ప్రమాణం చేసింది. సంతకం పెట్టింది. ఎవరు ఏం చెప్పారో చచ్చినా బయటికి రానివ్వనని. పెళ్లానికి కూడా, కొడుకులకి కూడా. చెబితే దాని చదువు పోతుంది, ఇంకెక్కడా ఇంకెవరూ రానివ్వరు. నేను వంటింట్లో ఉన్నానని తెలిసినా పోతుంది. ఇప్పుడు నీకు చెప్పేశాను చూడు ఆ ముక్క, నా నోరు పడిపోను.

శుక్రవారం దాకా టైమిచ్చారు. హాల్వర్సన్ మేడమ్ ఫోన్ చేసింది. చెడ్డావిడ కాదు, ఏడుస్తున్నట్టే మాట్లాడింది. "ఉంటానో మానేస్తానో తన నోటితో ఒక్కమాట చెప్పమనండి" అంది. నేను ఫోన్ నూచీ చెవి దగ్గర పెట్టాను. ఆవిడ హలో హలో అంటూనే ఉంది. ఇది వింటూనే ఉంది.

తన నోటితో! ఆ నోరే కదా నేను వెతుక్కుంటోంది.

పెదనాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నూచీ సిగ్గులేకుండా ఎందుకొచ్చిందని నీ చిన్నకోడలు అంది. నాకు వినపడాలనే అంది. ఎందుకొచ్చిందో చెప్పనా? ఐసీయూ బయట గోడకి ఆనుకుని ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడింది చూశావా? మేడమ్‌తో మాట్లాడుతోంది. "ఆయన నాతో ఒకమాట చెప్పాడు, లోపల దానికి వ్యతిరేకంగా జరుగుతోంది, చెప్పొచ్చా?" అని అడుగుతోంది. ఆవిడ, "నువ్వు తొందరపడకు, కమిటీని అడగాలి, సోమవారం దాకా ఆగు" అంది.

పెదనాన్న ఆదివారమే వెళ్లిపోయాడు.

డెబ్రాలాంటిది అయ్యుంటే ఆగేదా? గబగబా లోపలికెళ్లి డాక్టర్ని పక్కకి పిలిచి ఒక ముక్క చెవిన వేసేది. ఏ రూలు ఎక్కడ వంచాలో, ఎవరి చెయ్యి పట్టుకోవాలో అన్నేళ్లలో దానికి తెలిసిపోయుండేది. నా పిల్లకి కాగితం మీదున్న రూలు ఒక్కటే తెలుసు. దాన్నే పట్టుకుని ఆ గోడకి అతుక్కుపోయింది. నేను కదలబోతే నా మణికట్టు పట్టుకుంది. "నువ్వక్కడ లేవమ్మా. నువ్వేం వినలేదు" అంది. దాని గోళ్లు దిగాయి నాకు. ఇదిగో, ఇక్కడ.

పూడ్చి వచ్చిన రోజు రాత్రి డెబ్రా వచ్చింది మా ఇంటికి, కూర ఏదో వండుకుని. నూచీని దగ్గరికి తీసుకుని, "నీకిది మొదటి చావు కదా, అందుకే. మాకూ మొదటిది ఇలాగే ఉండేది" అంది. మంచి మనసుతోనే అంది. ఆవిడ వెళ్లాక నా పిల్ల చెప్పిన ఆఖరి మాటలు విను. "అమ్మా, వాళ్ల వెనకాల ఒక్కొక్కరికీ ఊరికి ఊరు చావులున్నాయి. ఆ గుంపులో ఒక మొహం కలిసిపోతుంది. నా వెనకాల ఆయనొక్కడే. ఎటు తిరిగినా ఆయనే ఉంటున్నాడు."

అంతే. ఇంక మాట లేదు.

ఉండు, ఉండు పెద్దమ్మా! తలుపు మీద నుంచి చెయ్యి తియ్యి. నేనింతసేపు చెప్పింది నీకు చాల్లేదా? చాలదు. తెలుసు. నా మొగుడు ఏం చెప్పి పోయాడో నాకు చెప్పు అని అడుగుతున్నావు. నేను నీ చోట ఉన్నా అదే అడిగేదాన్ని. ఇంకేదీ వినేదాన్ని కాదు.

నూచీ చెప్పదు. చచ్చిపోతుంది గాని చెప్పదు. నేను లేనిదాన్ని కదా, నేను చెబుతాను.

ఆయన నవ్వాడు పెద్దమ్మా.

అదే ముందు. ప్రశ్న వినగానే భయపడలేదు, కోప్పడలేదు. నవ్వాడు. "హమ్మయ్య, ఇన్నాళ్లకి ఒకరు అడిగారు. మా ఇంట్లో ఆ మాటెత్తితే అందరూ చెవులు మూసుకుంటారు" అన్నాడు. అందుకే, దాని నోరు కోసిందన్న మాట మాత్రం... దాని నోరు ఆయనకి హాయినిచ్చింది. నా కళ్లతో చూశాను. నూచీ మాత్రం ఆ నవ్వు చూడలేదు, తల దించుకుని రాసుకుంటోంది.

తర్వాత... అడుగుతున్నావు కాబట్టి చెబుతున్నాను. నువ్వే అడిగావు.

"గొట్టాలు వద్దు" అన్నాడు. "నోట్లో గొట్టంతో వెళ్తే, దార్లో ముందెళ్లిపోయిన మన పెద్దలు ఎవడ్రా నువ్వని అడిగినప్పుడు నా పేరెలా చెప్పుకోను? ఊ ఊ అంటూ నిలబడనా? మూగోణ్ణి అనుకుని పక్క వంశంవాళ్లకి ఇచ్చేస్తారు నన్ను" అన్నాడు. ఆయన సంగతి తెలుసు కదా, అందులో కూడా హాస్యమే. తర్వాత నవ్వడం ఆపి, "మా ఆవిణ్ణి అడగమను. కొడుకుల్ని కాదు. ఆమె చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉంటుంది, అది నా నుదుటి మీద ఉంటే చాలు. వేరే మందేం వద్దు" అన్నాడు.

కూర్చో పెద్దమ్మా. కూర్చో... ఆ గోడ పట్టుకో. అయ్యో.

చెప్పొద్దనే అనుకున్నాను! నీకిది చెప్పకుండానే ఎలాగైనా పిలుచుకుపోదామనుకున్నాను. ఆ గదిలో మిషన్ల అవతల మూల కుర్చీలో కూర్చున్నావు నువ్వు. "అమ్మా, నువ్వు దగ్గరికి రాకు, తీగలు ఊడతాయి" అన్నారు నీ కొడుకులు. నీ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని... నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

నీ కొడుకులది తప్పంటానా? అనను. తండ్రి కోసం ఉన్నవన్నీ చెయ్యమన్నారు. ఏ కొడుకైనా అదే అంటాడు. వాళ్లకి తెలీదు. తెలిసినవాళ్లం బయట గోడ దగ్గర నిలబడ్డాం.

ఏంటి? పేరు చెప్పుకోగలిగాడా లేదా అంటున్నావా?

నాకేం తెలుసు పెద్దమ్మా! చావింట్లో ఆత్మకి దారి చూపే పాట పాడినాయన ఆయన పేరు ఎన్నిసార్లు చెప్పాడు, పుట్టిన ఊరు దాకా ఒక్కో ఊరూ పేరుపెట్టి నడిపించాడు. మన పెద్దలు విన్నారనుకో. గొట్టం కూడా తర్వాత తీసేశారు కదా. విన్నారనే అనుకో. నేనూ అదే అనుకుంటున్నాను, అనుకుంటే అయిపోయినట్టు.

చూశావా, నా పిల్ల మోస్తున్న బరువు తీసుకొచ్చి సగం నీ నెత్తిన పెట్టాను. పరామర్శకి వచ్చినవాళ్లు పండో ఫలమో తెస్తారు. నేను తెచ్చింది ఇదీ.

తలుపు తీశావేంటి... చలి, చలి. శాలువా ఏదీ? వద్దు, నాకు కాదు, నీకు.

పిలవమంటావా? నిజంగా?

మావయ్యా! ఓ మావయ్యా! దిగు! కోడిని తీసుకురా!

అబ్బ, నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలీదు.

పెద్దమ్మా, ఒక్కటి. ఇదంతా తౌ అన్నయ్యకి చెబుతావు. చెప్పక ఏం చేస్తావు? అన్నయ్య ఊరుకోడు, విషయం కాలేజీ దాకా వెళ్తుంది. వెళ్లనీ. శుక్రవారం లోపే దాని చదువు నా చేత్తో నేనే తెంపేశానేమో. దాని ఆత్మ తిరిగొచ్చి లేచి కూర్చోగానే మొదట వినేది అదే. ఇన్నేళ్లు గోడలు దూకి సంపాదించింది వాళ్లమ్మ ఒక్క మాటతో పోగొట్టిందని.

నువ్వే చెప్పు దానికి, యేర్ చెప్పేసిందని. దాచిపెట్టి నన్ను కాపాడకు. వచ్చి నన్ను తిట్టనీ, మొహం చూడనని అననీ, ఏమైనా అననీ.

తిట్టడానికైనా నోరు తెరవాలి కదా.